గింజ తిండికి, కట్టె ఇంధనానికి

దక్షిణ తెలంగాణలో ఏటా రెండు మంటలు రేగుతున్నాయి. మొదటిది పొలాల్లో. వానాకాలం కోతలు ముగియగానే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఆయకట్టులో కోత మిషన్ వదిలేసిన వరిగడ్డికి నిప్పు పెడుతున్నారు. ఆ తర్వాత మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి చెలకల్లో పీకిన పత్తి కట్టె కుప్పలు కుప్పలుగా కాలుతోంది. రెండో మంట జనం గుండెల్లో. నారాయణపేట జిల్లా మరికల్ మండలం చిత్తనూరు దగ్గర పెట్టిన ఇథనాల్ ఫ్యాక్టరీ తమ వాగును, పొలాలను పాడుచేస్తోందని చుట్టుపక్కల ఊళ్లు చాలాకాలం పోరాడాయి. 2023 అక్టోబరులో అది పోలీసులతో ఘర్షణ దాకా వెళ్లింది. 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఫ్యాక్టరీ వద్దన్న రైతులు అరెస్టయ్యారు. ఉత్తరాన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ 2024 నవంబరులో ఇదే డిమాండుతో జనం జాతీయ రహదారి మీద బైఠాయించారు.

ఈ రెండు మంటలకూ ఉన్న సంబంధం మన విధానకర్తలకు పట్టడం లేదు. రాష్ట్రంలో లేస్తున్న ఇథనాల్ ఫ్యాక్టరీలకు ముడిసరుకు బియ్యం, నూకలు, మక్కలు. అంటే గింజ. పొలంలో కాలిపోతున్నది కట్టె, గడ్డి. మనిషి తినే దాన్ని ట్యాంకులో పోస్తూ, తినలేని దాన్ని బూడిద చేస్తున్నాం. ఈ వరుసను తిరగరాయడం సాధ్యమే. అందుకు కావలసిన శాస్త్రం ఉంది, అందులో కొంత మన ఉస్మానియాలోనే పుట్టింది. అయితే గింజ ఫ్యాక్టరీల విషయంలో చేసిన పొరపాట్లే గడ్డి, కట్టెతో ఇథనాల్ తీసే కట్టె ఫ్యాక్టరీల విషయంలోనూ చేస్తే ఊళ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి, పెట్టుబడి తుప్పు పడుతుంది. రైతుతో ధర, ఊరితో నీటి లెక్క, నేలకు దాని వాటా ముందుగా తేల్చుకున్న చోటే కట్టె ఇథనాల్ నిలుస్తుంది.

గింజ మీద ఎంత భారం

పెట్రోల్‌లో ఇథనాల్ కలిపే కార్యక్రమం దేశంలో 2003లో మొదలైంది. 20 శాతం కలపాలన్న లక్ష్యానికి మొదట 2030 గడువు పెట్టారు, తర్వాత దాన్ని 2025-26కు ముందుకు జరిపారు. ఆ లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. విదేశీ మారకం మిగిలిన మాట నిజం, మక్కలకు మార్కెట్ పెరిగిన మాటా నిజం. కానీ ఆ 20 శాతం దేనితో నిండిందో చూడాలి. 2024-25లో ఇథనాల్ కోసం భారత ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం కేటాయించారు. అన్నిటికంటే పెద్ద వాటా మక్కలది. లీటరు మక్క ఇథనాల్‌కు 71.86 రూపాయల ధర ఖరారు కావడంతో గింజలు డిస్టిలరీల బాట పట్టాయి. మక్కలు ఎగుమతి చేసిన దేశం 2024 నాటికి దిగుమతి చేసుకోవలసి వచ్చింది. దాణా ఖర్చు పెరిగి కోళ్ల రైతులు మొత్తుకున్నారు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కోళ్ల ఫారాల మీద బతికే కుటుంబాలకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

పాలమూరులో గింజ ఊరకే పండదు. కృష్ణ నీళ్లను కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల మోటార్లు పైకి తోడితే, లేదంటే బోరు నీళ్లను రైతు కరెంటుతో లాగితే పండిన గింజ అది. దాన్ని మళ్లీ నీళ్లలో ఉడికించి, పులియబెట్టి, ఆవిరి పట్టి ఇంధనం చేయడమంటే ఒకే లీటరుకు రెండుసార్లు నీరు, రెండుసార్లు కరెంటు ఖర్చు పెట్టడం. వలసల జిల్లాగా దశాబ్దాలు గడిపిన నేల అంత కష్టపడి తెచ్చుకున్న నీటికి ఇంతకంటే మంచి వినియోగం ఉండాలి.

ఈస్ట్ చేసే పని, చేయలేని పని

తాటికల్లు, ఈతకల్లు తెలిసిన వాళ్లకు ఇథనాల్ పుట్టుక కొత్త కాదు. చెట్టు నుంచి లొట్టిలోకి దిగిన తీపి నీరు గంటల్లో పులియడానికి కారణం అందులో చేరే ఈస్ట్, దానితోపాటు కొన్ని బ్యాక్టీరియా. చక్కెర తిని ఈస్ట్ ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి లెక్కప్రకారం 92 గ్రాముల ఇథనాల్ వస్తుంది, మిగిలిన 88 గ్రాములు గాలిలో కలుస్తాయి. బియ్యం, మక్కల్లోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చడం తేలిక కాబట్టి గింజ ఫ్యాక్టరీలు త్వరగా వచ్చాయి.

గడ్డిలోనూ చక్కెర ఉంది. కాకపోతే తాళం వేసి ఉంది. వరిగడ్డిలో మూడో వంతుకు పైగా సెల్యులోజ్, పావు వంతుకు కాస్త అటూ ఇటూగా హెమీసెల్యులోజ్, వాటిని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ ఉంటాయి. పైగా వరిగడ్డిలో ఇసుక జాతి సిలికా ఎక్కువ, అది యంత్రాలను అరగదీస్తుంది. ముందు గడ్డిని ముక్కలు చేసి పలుచని ఆమ్లంతోనో, క్షారంతోనో, ఒత్తిడిలో ఉన్న ఆవిరితోనో మెత్తబరచాలి. తర్వాత ఎంజైములు సెల్యులోజ్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టాలి. అప్పుడుగాని ఈస్ట్ వంతు రాదు. ఈ ఎంజైములను ఇచ్చే ట్రైకోడెర్మా రీసీ అనే బూజు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలను, నూలు బట్టలను తినేస్తూ దొరికింది. సైన్యానికి శత్రువైన ఆ బూజే ఇప్పుడు కట్టె ఇథనాల్‌కు ఆధారం. దాని ఎంజైముల ధరే ఇథనాల్ ఖర్చును పెంచే ముఖ్య కారణాల్లో ఒకటి.

చిక్కులు ఇంకా ఉన్నాయి. హెమీసెల్యులోజ్ కరిగితే వచ్చే జైలోజ్ చక్కెరను మామూలు ఈస్ట్ ముట్టదు. దానికి పిచియా స్టిపిటిస్ వంటి వేరే ఈస్ట్ కావాలి, లేదా జన్యువులు మార్చిన ఈస్ట్ కావాలి. మెత్తబరిచేటప్పుడు పుట్టే ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం ఈస్ట్‌కు విషం. అన్నిటికీ మించి వేడి సమస్య. ఎంజైములు 50 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేస్తాయి. ఈస్ట్‌కు 30, 35 డిగ్రీలు దాటితే పడదు. వేసవిలో 42 డిగ్రీలు దాటే నల్లగొండలో తొట్లను చల్లబరచడానికే బోలెడు నీరు, కరెంటు పోతాయి.

ఇక్కడే ఉస్మానియా విశ్వవిద్యాలయం సూక్ష్మజీవశాస్త్ర విభాగం చేసిన పని గుర్తు చేసుకోవాలి. ఎల్. వెంకటేశ్వర్ రావు బృందం కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఎప్పుడూ వేడిగా ఉండే చోట్ల మట్టి తీసి, అందులో వేడికి తట్టుకునే ఈస్ట్ రకాలను వేరుచేసింది. వాటికి వీఎస్1, వీఎస్3 వంటి పేర్లు పెట్టింది. 40 డిగ్రీల దగ్గరా ఆల్కహాల్ ఇచ్చే ఈ ఈస్ట్‌ల గురించి 2000 సంవత్సరం నాటికే అంతర్జాతీయ పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. కట్టె నుంచి తీసిన చక్కెరలకు వీఎస్3ని మెరుగుపరిచే పరిశోధన, రెల్లుగడ్డితో ప్రయోగాలు ఆ తర్వాత సాగాయి. మన ఎండకు తగిన ఈస్ట్ మన మట్టిలోనే దొరికి పాతికేళ్లయింది. ప్రయోగశాల సీసాలోంచి పెద్ద తొట్టిలోకి దాన్ని తీసుకుపోయే ప్రయత్నం రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా చేసి ఉండాల్సింది. ఇప్పటికైనా చేయాలి.

మూతపడ్డ ఫ్యాక్టరీల పాఠం

కట్టె ఇథనాల్ చరిత్రలో వైఫల్యాలే ఎక్కువ, దాన్ని దాచిపెట్టి రైతులకు ఆశలు చూపడం తప్పు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మక్క చొప్పతో డ్యూపాంట్ కంపెనీ 2015లో తెరిచిన భారీ ఫ్యాక్టరీ రెండేళ్లకే ఆగిపోయింది. అదే రాష్ట్రంలో 2014లో మొదలైన పోయెట్-డీఎస్ఎం ఫ్యాక్టరీ 2019లో ఇంధన ఉత్పత్తి ఆపేసింది. ఇటలీలోని క్రెసెంటినో ఫ్యాక్టరీ 2017లో మూతపడింది. రుమేనియాలో గోధుమ గడ్డి కోసం కట్టిన ఫ్యాక్టరీకి క్లారియంట్ కంపెనీ 2023 చివర్లో మూసివేత ప్రకటించింది. ఈ కంపెనీలకు డబ్బుకు గానీ శాస్త్రవేత్తలకు గానీ కొదవ లేదు. పొలం నుంచి వచ్చిన కట్టల్లో మట్టి, రాళ్లు యంత్రాలకు అడ్డుపడటం, ముడిసరుకు సేకరణ ఖర్చు, ఎంజైముల ఖర్చు కలిసి వాటిని దెబ్బతీశాయి.

ఎక్కువ కాలం నిలబడ్డ చోటూ ఉంది. బ్రెజిల్‌లో రైజెన్ కంపెనీ చెరుకు పిప్పితో పిరాసికాబాలో దాదాపు పదేళ్లు కట్టె ఇథనాల్ తీసింది. అక్కడి సౌలభ్యం ఒక్కటే: పిప్పి ఎవరూ పొలాల్లో తిరిగి ఏరనక్కర్లేదు, చక్కెర మిల్లు గేటు లోపలే గుట్టగా పడి ఉంటుంది. ముడిసరుకు తనంతట తాను పోగయ్యే చోటు వెతుక్కోవాలన్నది అక్కడి పాఠం.

మన దేశంలో ఇండియన్ ఆయిల్ పానిపట్‌లో 900 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన ఫ్యాక్టరీని 2022 ఆగస్టు 10న ప్రధాని ప్రారంభించారు. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడం దాని లక్ష్యం. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. టన్ను మక్కల నుంచి 380 లీటర్ల దాకా వస్తుంది కాబట్టి తేడా తెలుస్తూనే ఉంది. ఆ ఫ్యాక్టరీ మొదలైన తర్వాత చాలాకాలం పూర్తి సామర్థ్యాన్ని అందుకోలేకపోయింది.

మన అనుభవం ఇంకా దగ్గరిది. 2007లో సంగారెడ్డి దగ్గర రుస్నీ డిస్టిలరీస్, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో తీపి జొన్న కాడల రసం నుంచి ఇథనాల్ తీయడం మొదలుపెట్టింది. రోజుకు 40 వేల లీటర్ల సామర్థ్యం. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. కానీ కోసిన కాడలో తీపి రోజుల తరబడి నిలవదు, పంట చేతికొచ్చే కాలం కొన్ని వారాలే, దూరపు ఊళ్ల నుంచి కాడలు మోయించడం భారం. ఆ ప్రయోగం ఎక్కువ కాలం సాగలేదు. ఫ్యాక్టరీ ఒక చోట, పంట వేరే చోట ఉంటే ఎంత మంచి శాస్త్రమైనా దారిలోనే ఆవిరైపోతుందని మెతుకు సీమ మెదక్ నేర్పింది.

ఎవరి గడ్డి, ఎంత గడ్డి

పానిపట్ అంత ఫ్యాక్టరీ మిర్యాలగూడలో పెట్టామనుకుందాం. మొదళ్లు వదిలేసి ఎకరానికి టన్ను గడ్డి తీసినా 2 లక్షల ఎకరాలు కావాలి. లారీకి 10 టన్నుల చొప్పున 20 వేల లారీలు. వానాకాలం కోతకు, యాసంగి నాట్లకు మధ్య దొరికేది కొన్ని వారాలే. సగం గడ్డిని నెల రోజుల్లో ఎత్తాలంటే రోజుకు 330కి పైగా లారీలు నడవాలి. మిగిలిన ఏడాదంతా ఆ గడ్డి తడవకుండా, అంటుకోకుండా నిల్వ ఉండాలి. కాబట్టి తొలి అడుగే అంత పెద్దది వేయడం అవివేకం.

పైగా ఆ గడ్డి అనాథ కాదు. బర్లు, ఎడ్లు ఉన్న ఇంట్లో వరిగడ్డి మేత, దాని తర్వాతే ఏదైనా. మక్క చొప్ప, జొన్న చొప్ప కూడా పశువుల నోటి దగ్గరివే. కంది కట్టె, ఆముదం కట్టె ఇప్పటికీ పొయ్యిలోకి వెళ్తాయి. ఊక మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల బాయిలర్లలో కాలుతోంది. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊకతోనూ, సర్కారు తుమ్మతోనూ నడపాలని వచ్చిన బయోమాస్ విద్యుత్ కేంద్రాలు చాలా మటుకు ఈ లెక్క తప్పే దెబ్బతిన్నాయి. కొనేవాళ్లు ఎక్కువయ్యేసరికి ఊక ధర పెరిగింది, కరెంటు ధర పెరగలేదు.

మరి మిగిలేది ఏది? నీటి వసతి ఉన్న ఆయకట్టులో మేతకు పోగా కాలిపోతున్న వరిగడ్డి, చెలకల్లో పత్తి కట్టె. రాష్ట్రంలో పత్తి ఎక్కువగా వేసే జిల్లాల్లో నల్లగొండ ముందుంటుంది, నాగర్‌కర్నూల్, నారాయణపేట, గద్వాల కూడా పత్తి జిల్లాలే. ఎకరానికి టన్ను దాకా కట్టె వస్తుంది. ఏ పశువూ దాన్ని తినదు. చివరి ఏరివేత అయ్యాక కట్టెను చేన్లోనే ఉంచితే గులాబీ రంగు పురుగు అందులో తలదాచుకుని వచ్చే పంట మీద పడుతుంది కాబట్టి త్వరగా తొలగించమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నారు. కట్టె కొనే నాథుడు వస్తే రైతుకు పీకుడు కూలి తిరిగొస్తుంది, పురుగు మందు ఖర్చూ తగ్గుతుంది. పత్తి కట్టెలో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి మెత్తబరచడం కష్టమే. కానీ ఆ లిగ్నిన్నే బాయిలర్‌లో కాల్చుకుంటే ఫ్యాక్టరీకి బొగ్గు అవసరం తగ్గుతుంది. పాలమూరు, నల్లగొండ పరిశోధన మొదలుపెట్టవలసింది ఈ కట్టెతోనే.

నేల వాటా కూడా మరవకూడదు. టన్ను వరిగడ్డి కాలిస్తే దాదాపు 400 కిలోల సేంద్రియ కర్బనం, 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తల అంచనా. గడ్డిని లారీలో తరలించినా అవి పొలం దాటిపోయినట్టే. 2 లక్షల టన్నులంటే 5 వేల టన్నుల పొటాష్. పొటాష్ ఎరువును మనం విదేశాల నుంచి కొంటున్నాం. ఎర్ర చెలకల్లో కర్బనం ముందే తక్కువ. ఈస్ట్ తీసుకునేది కర్బనంతో నిండిన చక్కెరను మాత్రమే. పొటాష్, సిలికా బూడిదలోనో మడ్డిలోనో మిగిలిపోతాయి. గడ్డి కొన్న ఫ్యాక్టరీ ఆ బూడిదను, శుద్ధి చేసిన మడ్డిని అదే రైతుల పొలాలకు తిరిగి చేర్చాలని ఒప్పందంలోనే రాయాలి. ఏ పొలం నుంచీ ఏటా గడ్డి మొత్తం తీయకుండా, ఏడాది మార్చి ఏడాదైనా కొంత దున్నేలా చూడాలి.

ఊరి మాట వినని చట్టం

చిత్తనూరు, పెద్ద ధన్వాడ ఊళ్ల కోపం సాంకేతికత మీద కాదు. తమను అడగకుండా తమ నీళ్ల పక్కన ఫ్యాక్టరీ కట్టడం మీద. పెట్రోల్‌లో కలపడానికి మాత్రమే ఇథనాల్ తీసే ప్రాజెక్టులను 2021 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ బీ2 తరగతిలోకి మార్చింది. ఆ తరగతిలో బహిరంగ విచారణ అవసరం లేదు. వేగం కోసం తీసుకున్న ఈ నిర్ణయమే ఊళ్లలో అపనమ్మకానికి బీజం వేసింది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన నల్లగొండలో, మందుల కంపెనీల వ్యర్థాలతో చెరువులు పాడయ్యాయని చౌటుప్పల్, పోచంపల్లి జనం ఏళ్లుగా మొరపెట్టుకుంటున్న చోట, నీటి గురించి హామీలను కాగితం మీద చూసి నమ్మమనడం అన్యాయం.

గడ్డితో చేసినంత మాత్రాన ఇథనాల్ శుభ్రమైపోదు. ఆమ్లం, క్షారం, ఫర్‌ఫ్యూరాల్ కలిసిన నీరు, డిస్టిలరీ మడ్డి ఇక్కడా వస్తాయి. చుక్క బయటికి వదలబోమన్న హామీ ఇస్తే, దాన్ని పరిశీలించే మీటర్లు ఊరికి కనిపించాలి. గ్రామసభ ఎంచుకున్న వాళ్లు ఎప్పుడంటే అప్పుడు నమూనాలు తీయగలగాలి.

చేయవలసింది

మొదట, ఈ ఎగువ నేలల్లో కొత్త గింజ ఇథనాల్ ఫ్యాక్టరీలకు అనుమతులు ఆపాలి. పాడైన ధాన్యం, తినడానికి పనికిరాని బియ్యం వాడే వాటికే మినహాయింపు ఇవ్వాలి, అదీ బహిరంగ విచారణ తర్వాతే.

రెండు, కట్టె ఇథనాల్‌కు భారీ శంకుస్థాపనల జోలికి పోకుండా ఒక ప్రదర్శన ఫ్యాక్టరీతో మొదలుపెట్టాలి. 2019లో కేంద్రం 1,969.50 కోట్లతో తెచ్చిన పీఎం జీ-వన్ పథకంలో వాణిజ్య ఫ్యాక్టరీలతోపాటు ప్రదర్శన ప్రాజెక్టులకూ సాయం ఉంది, దాన్ని 2028-29 దాకా పొడిగించారు. ఉస్మానియా, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం, వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి మన పత్తి కట్టె, మన వరిగడ్డి, మన ఈస్ట్‌తో టన్నుకు ఎన్ని లీటర్లు, ఎంత నీరు, ఎంత ఖర్చు అన్నది తేల్చి ప్రజల ముందు పెట్టాలి.

మూడు, చోటు ఎంపిక. డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్‌లో 2009లో గోధుమ గడ్డి ఇథనాల్ ప్రదర్శన ఫ్యాక్టరీని థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కనే కట్టారు. అక్కడి ఆవిరి ఇటు, ఇక్కడి లిగ్నిన్ అటు. ఇథనాల్ ధర గిట్టుబాటు కాక అదీ తర్వాత ఆగింది గానీ, ఆవిరి పంచుకునే పద్ధతి సరైనదే. మనకు దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, చుట్టూ సాగర్ ఆయకట్టు గడ్డి ఉంది, పక్కనే మిర్యాలగూడ మిల్లులు ఉన్నాయి. కొత్త ఊరిని, కొత్త వాగును వెతుక్కోకుండా ఇప్పటికే పరిశ్రమ ఉన్న చోట ఈ ప్రయోగం చేయాలి.

నాలుగు, సేకరణ. ఐకేపీ కేంద్రాలు, ప్రాథమిక సహకార సంఘాలు ఏటా ఊరూరా ధాన్యం తూకం వేస్తున్నాయి. అదే కాంటా మీద గడ్డినీ, కట్టెనూ తూచవచ్చు. బేలర్లు, కట్టె నరికే యంత్రాలు మహిళా సంఘాల, రైతు ఉత్పత్తిదారుల సంఘాల చేతిలో ఉండాలి. దళారి చేతికి పోతే గడ్డి ధర రైతు దాకా రాదు. డీజిల్, కూలి పెరిగినప్పుడల్లా సేకరణ ధర పెరగాలి, ఆ ఖర్చును భరించేలా కట్టె ఇథనాల్‌కు చమురు కంపెనీలు దీర్ఘకాల ధర ఇవ్వాలి. మక్క ఇథనాల్‌కు గిట్టుబాటు ధర కట్టిన ప్రభుత్వానికి ఇది తెలియని విద్య కాదు.

గడ్డి కాల్చే రైతును జరిమానాతో బెదిరించడం తేలిక. కాల్చకుండా ఉంటే లాభమని చూపడం కష్టం, కానీ నిలిచేది అదే. రెండో పంటకు వారాలే ఉన్నప్పుడు, కూలీలు దొరకనప్పుడు అగ్గిపుల్ల కంటే చౌకైన దారిని మనమింకా ఆ రైతుకు చూపలేదు.

కట్టె ఇథనాల్ రేపే పెట్రోల్ స్థానాన్ని ఆక్రమించదు. లీటరు ఇథనాల్‌లో ఉండేది పెట్రోల్‌లోని శక్తిలో మూడింట రెండు వంతులే. టన్ను గడ్డికి 150 లీటర్లతో దేశం దిగుమతులు ఆగిపోవు. కానీ కాలిపోయే దానికి వెల కట్టి, తినే గింజను తిండికే వదిలి, పొగ తగ్గించి, ఊళ్లో పని పుట్టించే అవకాశం చిన్నది కాదు. దాన్ని నిలబెట్టుకోవాలంటే వరుస మార్చాలి. ఇప్పటిదాకా ముందు శంకుస్థాపన, తర్వాత పోలీసులు, ఆ తర్వాత చర్చలు. ఇకమీదట ముందు రైతుతో గడ్డి ధర, తర్వాత గ్రామసభతో నీటి ఒప్పందం, ఆ రెండూ సంతకాలయ్యాకే పునాది రాయి.